61వ బూత్‌లో ఒక్క ఓటు

గోగులపాలెం,
4 జూన్ 2025.

చిరంజీవి శశిభూషణ్‌కు ఆశీస్సులతో మేనత్త రామతులసి వ్రాయునది.

క్షేమసమాచారాల కన్నా ముందు ఒక పుకారును సరిదిద్దాలి. నీ పుస్తకం అచ్చు కాకుండా నేను కోర్టుకు వెళ్తున్నానని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. 2004లో మీ నాన్నకు ఓటు వేయవద్దని మనవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగి చెప్పినదాన్ని నేనేనని, అది బయటపడుతుందని నాకు భయమని కూడా అంటున్నారు. రెండూ అబద్ధాలే. కోర్టుకు వెళ్ళే ఓపిక డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులోనూ నాకు ఉంది, అవసరం లేదు. ఇక మనవాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది. మీ నాన్న ఒక్క గడప తొక్కలేదు. "మనవాళ్ళని మనం అడగడమేంటి, బాగుండదు" అని వీధి అరుగు మీద కూర్చున్నాడు. అవతలి అభ్యర్థి బంగార్రాజుగారి భార్య మాత్రం ఇంటింటికీ వచ్చి బొట్టు పెట్టి మరీ అడిగింది. పిలవని పేరంటానికి వెళ్ళని మన ఆడవాళ్ళు, అడగని అభ్యర్థికి ఓటు వేస్తారా?

మన గోగులపాలెం నియోజకవర్గం 1955లో పుట్టి, పదకొండు ఎన్నికలు చూసి, పునర్విభజనలో మూడు ముక్కలై మూడు పక్కలకూ పోయింది. లేని నియోజకవర్గానికి బూత్‌లవారీగా ఓట్ల చరిత్ర వ్రాయాలన్న నీ సంకల్పం మెచ్చదగినది. నువ్వు దిద్దమని పంపిన ప్రూఫుల్లో నా అభ్యంతరమంతా నూట పన్నెండో పేజీలోని ఒక్క వాక్యం మీదనే. "61వ బూత్‌లో స్వతంత్ర అభ్యర్థి భాస్కరంగారికి ఒకే ఒక్క ఓటు వచ్చింది, అది ఆయన సొంత ఓటే" అని మీ నాన్న గురించి వ్రాశావు. మొదటి సగానికి ఎన్నికల కాగితం ఆధారం. రెండో సగానికి ఆధారమేది? ముప్పై రెండేళ్ళు చరిత్ర పాఠం చెప్పినదాని మేనల్లుడివి. ఆ సగం తీసివెయ్యి.

ఇట్లు,
సత్యాన్ని కోరే నీ మేనత్త
రామతులసి

తా.క.: ఈ సంగతులు ఫోనులో మాట్లాడను. ఫోనులో అన్నమాటను అనలేదనగలవాళ్ళు మన కుటుంబంలో పంతొమ్మిది మంది ఉన్నారు.

* * *

రాజమహేంద్రవరం,
9 జూన్ 2025.

తులసత్తయ్యకు శశి నమస్కారాలు.

ఆధారం అడిగారు కదా, నిన్న ఆదివారం ఊరొచ్చి నాన్నగారినే అడిగేశాను. మీరు కోపంగా ఉంటారని మీ ఇంటి వైపు రాలేదు, ఏమీ అనుకోకండి. అమ్మ కాఫీ కలపడానికి లోపలికెళ్ళగానే నాన్నగారు గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పారు.

"నా బటన్ నేనే నొక్కుకోవడం ఏం మర్యాదరా? బంగార్రాజూ నేనూ ముందే అనుకున్నాం, ఆయనకి నేను, నాకు ఆయన. నా మాట నేను నిలబెట్టుకున్నాను. మీ అమ్మకి మాత్రం చెప్పకు."

అంటే మీ అనుమానమే నిజమైంది. మరి ఆ ఒక్కటీ ఎవరిదండీ అంటే, "ఇంకెవరిది, మీ అమ్మది" అన్నారు. ఫలితాలొచ్చిన రోజు అమ్మ వంటింట్లో కళ్ళొత్తుకుంటుంటే "అది నీదే కదూ" అని అడిగారట. అమ్మ తల వంచుకుందట. ఆనాటి నుంచీ అమ్మ పులుసులో ఉప్పు లేకపోయినా ఆయన నోరెత్తలేదట. ఇరవయ్యొక్కేళ్ళ నుంచి మా ఇంట్లో ఎందుకంత శాంతిగా ఉందో నాకిప్పుడు అర్థమైంది.

అందుకని ఆ సగం వాక్యం తీసేసి, పుస్తకాన్ని నాన్నగారి మాటగా అమ్మకే అంకితం చేస్తున్నాను. "నన్ను నమ్మిన ఏకైక ఓటరు, నా అర్ధాంగి అమ్మణ్ణికి – భాస్కరం." ఎలా ఉంది? మీ ఉత్తరమే రాకపోతే ఈ మంచి పని జరిగేదా?

మీ మేనల్లుడు
శశి

తా.క.: మీ ఓటు సంగతి కూడా అడగబోయాను. "ఆవిడ జోలికెళ్ళకు, ఓటు రహస్యమని మొదలుపెట్టి రాజ్యాంగం అంతా అప్పజెబుతుంది" అన్నారు నాన్నగారు.

* * *

గోగులపాలెం,
13 జూన్ 2025.

చిరంజీవి శశికి మేనత్త వ్రాయునది. ఆశీస్సులు ఈసారికి కొంచెం తగ్గించాను.

ఆధారం లేని వాక్యాన్ని తీయమంటే, దాన్ని తీసి, అంతకన్నా ఆధారం లేని దాన్ని మొదటి పేజీకెక్కించావు. తల వంచుకోవడం సాక్ష్యం కాదు. ఉల్లిపాయలు తరుగుతున్నప్పుడు కళ్ళొత్తుకోవడం అసలే కాదు.

ఒక విషయం గమనించు. నువ్వు అంకితం మాట చెప్పి వెళ్ళిన నాటి నుంచి మీ అమ్మ మా ఇంటికి మూడుసార్లు వచ్చింది, కరివేపాకు కావాలని. మీ పెరట్లో కరివేపాకు చెట్టు మిద్దె ఎత్తు పెరిగింది. వచ్చిన ప్రతిసారీ గడప దగ్గర కూర్చుంటుంది. ఏదో చెప్పబోతుంది. చివరకు ఉక్కపోత గురించి రెండు మాటలు చెప్పి, కరివేపాకు కోసుకోకుండానే వెళ్తుంది.

కనుక ఆ అంకితాన్ని ఆపు. కారణం అడగకు.

ఇట్లు,
రామతులసి

తా.క.: మీ నాన్నకు కూడా ఈ ఉత్తరం చూపించకు. ఆయన మర్యాద వల్ల ఇప్పటికే ఒక ఎన్నిక పోయింది.

* * *

రాజమహేంద్రవరం,
18 జూన్ 2025.

తులసత్తయ్యకు శశి నమస్కారాలు.

మీరు కారణం అడగవద్దన్నా నాకు అర్థమైంది అత్తయ్యా. ప్రూఫులు దిద్దింది మీరు, అంకితం అమ్మకా అని మీకు కష్టం కలిగింది. తప్పు నాదే. కృతజ్ఞతల్లో మీ పేరు పెద్ద అక్షరాలతో వేయిస్తాను.

ఇక్కడ వేరే గొడవ మొదలైంది. అంకితం సంగతి ఎలా పొక్కిందో ఏమో, మనవాళ్ళు ఒక్కొక్కరే ఫోన్ చేసి ఆ ఒక్క ఓటూ తమదేనంటున్నారు. నిన్నటికి పదకొండు మంది అయ్యారు. పన్నెండోవారు స్వయంగా బంగార్రాజుగారే. "ఆ ఒక్కటీ నాదేనండి, మీ నాన్నగారికి మాటిచ్చి తప్పుతానా అండి" అన్నారు. నాన్నగారికి మొదటిసారి కోపం వచ్చింది. అమ్మ ఓటుకు ఇంతమంది పోటీయా అన్నారు.

చివరకు ఆయనే ఉపాయం చెప్పారు. ముప్పయ్యో తేదీ సోమవారం అందరం పిఠాపురం వెళ్తున్నాం. కుక్కుటేశ్వరస్వామి సన్నిధిలో అమ్మ పుస్తకం మీద చెయ్యి వేసి "ఆ ఓటు నాదే" అని చెబుతుంది. దాంతో అందరి నోళ్ళూ మూతపడతాయి. ఈ మాట విన్నప్పటి నుంచీ అమ్మ అన్నం సరిగ్గా తినడం లేదట. అంత భక్తి.

మీరూ వ్యానులో ముందు సీట్లో కూర్చుందురు గాని.

మీ
శశి

తా.క.: ఈ పన్నెండు మందీ ఆ రోజు నిజంగానే వేసి ఉంటే నాన్నగారికి మా బూత్‌లో ఓట్లు రెండంకెలకు చేరేవి. అయినా డిపాజిట్ దక్కేది కాదనుకోండి.

* * *

గోగులపాలెం,
22 జూన్ 2025.

చిరంజీవి శశిభూషణ్‌కు పూర్తి ఆశీస్సులతో మేనత్త వ్రాయునది.

మీ అమ్మది భక్తి కాదు, భయం. మొన్న శుక్రవారం నాలుగోసారి వచ్చింది. ఈసారి కరివేపాకు ఊసెత్తలేదు.

"తులసీ, బంగార్రాజుగారి ఆవిడ బొట్టు పెట్టి అడిగింది, సరేనన్నాను. ఆయనకే నొక్కాను. ఈయన వచ్చి 'నీదే కదూ' అంటే కాదనడానికి నోరు రాలేదు. ఇప్పుడు దేవుడి ముందు అబద్ధం ఎలా చెప్పను? నిజం చెబితే ఈయన మొహం ఎలా చూడను?"

ఎనభై రెండేళ్ళ మనిషి చిన్నపిల్లలా ఏడ్చింది. అప్పుడు నేను మీ నాన్న నీకు చెప్పిన రహస్యాన్ని ఆమెకు చెప్పాను. ఆయన కూడా బంగార్రాజుగారికే వేశాడన్నాను. వదిన ఏడుపు అక్కడికక్కడే ఆగింది. పమిట దోపుకుని లేచింది. ముద్దాయిగా మా గడప ఎక్కిన మనిషి జడ్జీగా దిగి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళాను. తోడుకు కాదు, చూడడానికి.

"నేనంటే బొట్టు పెట్టించుకున్నాను. మీకేమొచ్చిందండీ?" అంది.

"నేనూ మాటిచ్చానే" అన్నాడు మీ నాన్న. విచారణలో తేలినదేమిటంటే, ఇద్దరూ ఒకే రోజు, ఒకే సమయంలో మాట ఇచ్చారు. ఆయన అరుగు మీద బంగార్రాజుగారికి, ఆమె వంటింట్లో ఆయన భార్యకు. యాభై తొమ్మిదేళ్ళ సంసారంలో దంపతులిద్దరూ సంప్రదించుకోకుండా ఏకాభిప్రాయానికి వచ్చిన సందర్భం అదొక్కటే. మీ నాన్న నవ్వాడు. మీ అమ్మ ఇంకా నవ్వలేదు గాని, కడుపునిండా అన్నం తిన్నది. పిఠాపురం ప్రయాణం ఉంది. పుస్తకం మీద చెయ్యి వేయడం లేదు.

ఇక ఆ ఓటు నాది.

ఇన్నాళ్ళూ చెప్పకపోవడానికి కారణం వదిన కాదు, నా అభిమానం. చెబితే చెల్లెలు అన్నగారికి వేసింది, అందులో వింతేముంది అంటారు. ఆనాడు రేవు దగ్గర సభలో అభ్యర్థులందరూ వంతెన కట్టిస్తామన్నారు. ఒక్క మీ నాన్న మాత్రం "కట్టించడం నా చేతిలో లేదండి, ప్రతి సమావేశంలో లేచి అడగడం మాత్రం నా చేతిలో ఉంది" అన్నాడు. ఆ వాక్యానికి వేశాను. అది ఎవరు పలికినా వేసేదాన్నే. బంగార్రాజుగారు మాట నిలబెట్టుకోలేదని దీన్ని బట్టి తేలుతుంది. కాని ఆయనకు ఫోను చేసి అడగకు. ఎనభై దాటిన పెద్దమనిషి, మళ్ళీ ఇంకో మాట ఇస్తారు.

ఇట్లు,
నీ మేనత్త
రామతులసి

తా.క.: వీరాస్వామి ప్రెస్సుకు ఫోను చేయకు, లాభం లేదు. నిన్న ఉదయం మొదటి బస్సుకు నేనొక్కదాన్నే రాజమహేంద్రవరం వచ్చాను. మీ ఇంటికి రాలేదు. వస్తే నువ్వు వాదిస్తావు. వీరాస్వామి ఇంటర్మీడియట్‌లో నా దగ్గర చరిత్ర చదువుకున్నవాడు, వాదించడు. అంకితం తీయించాను. నూట పన్నెండో పేజీ అడుగున ఒక వాక్యం చేర్పించి, ఐదు వందల ప్రతులకూ ఆ పేజీ ఉన్న ఫారం అచ్చయ్యేదాకా మిషను పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆ వాక్యం ఇది: "ఆ ఒక్క ఓటు ఈ అభ్యర్థి చెల్లెలు రామతులసి, ఎం.ఏ., వేసినది, చెల్లెలైనందుకు మాత్రం కాదు."