వంటింటి గుమ్మం

హైదరాబాదు,
12 జూన్ 2004

ప్రియమైన వల్లీ,
చెయ్యి వణుకుతోంది కనక మా చెల్లాయి శివపార్వతి చేత రాయిస్తున్నాను. ఈ పార్కిన్సన్స్‌కి మెదడులో తీగ పెట్టి కరెంటు ఇస్తారట. వచ్చేవారమే ఆపరేషను. గుమ్మం కనపడితే నా కాళ్లు నేలకి అతుక్కుపోతాయి కదా, ఇవాళ డాక్టరుగారు గుమ్మం దగ్గర నేలమీద అడ్డంగా తెల్లటేపులు అంటించి, "కాళ్లను మర్చిపోండి మాస్టారూ, గీతల్నే చూస్తూ దాటండి" అన్నారు. దాటేశాను! మనింట్లో కూడా వంటింటి దాకా అంటించు.
నీ అచ్యుతరామారావు

విజయవాడ,
17 జూన్

ప్రియమైన శ్రీవారికి,
మీరు నడిచారన్న మాట మళ్లీ మళ్లీ చదివాను. బెంజ్ సర్కిల్ దగ్గర టేపు కొన్నాను. హాల్లో అంటించాను గానీ వంటింటి గుమ్మం దగ్గర తడికి ఊడి వస్తోంది. దుర్గ "నాన్న ఇంక అన్ని గదుల్లోకీ వచ్చేస్తారా?" అని అడిగింది. వస్తారన్నాను.
మీ నాగవల్లి

హైదరాబాదు,
5 జూలై

వల్లీ,
అక్షరాలు చూడు, నేనే రాస్తున్నా! మిషను ఆన్ చెయ్యగానే చెయ్యి నిలబడింది. గుమ్మాల దగ్గర మాత్రం ఇంకా గీతలుంటేనే కాళ్లు కదులుతున్నాయి. తడిగా ఉంటే తుడిచి అంటించాలి, ఆమాత్రం తెలీదూ? ఆదివారం వస్తున్నాం. వంకాయ కూర మాడ్చకుండా వండు. మళ్లీ నాచేత చెప్పించుకోకు.
అచ్యుతం

విజయవాడ,
9 జూలై

అచ్యుతరామారావు గారికి,
ఆ రోజు కూర మాడిందని గరిటె ఎత్తి మీదకొస్తూ వంటింటి గుమ్మంలో ఆగిపోయారు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. జబ్బని అప్పుడు తెలీదు. ఆనాటి నుంచి మీకు కోపమొస్తే నేనూ దుర్గా వంటింట్లోకి వెళ్లిపోయేవాళ్లం. తర్వాత మీ చెయ్యీ వణకడం మొదలెట్టింది. పక్కింటి దానమ్మ గారు "నీకెంత కష్టమొచ్చిందే తల్లీ" అని కళ్లొత్తుకుంటే తల ఊపేదాన్ని. మీతో కాపురంలో నేను కంటినిండా నిద్రపోయింది మీకు జబ్బు చేశాకే.

మంచాన పడ్డ మనిషిని వదలకూడదని ముద్దలు కలిపి పెట్టాను, స్నానాలు చేయించాను. మీకు నయం కాకూడదని దుర్గగుడి మెట్లెక్కి మొక్కుకున్నాను కూడా. అమ్మవారు వినలేదు.

దానమ్మ గారికి తాళాలిచ్చాను. వంటకి మనిషిని ఆవిడే చూస్తారు. మమ్మల్ని వెతకొద్దని శివపార్వతికి చెప్పండి.

మీ ఉత్తరం చదివి వినిపించాను. దుర్గ లేచి తన బట్టలు తనే సంచిలో సర్దుకుంది. "నాన్నకి నయమైపోయిందిగా అమ్మా, ఇంక వెళ్లిపోవచ్చుగా" అంది.
నాగవల్లి