పేరు లేని టికెట్టు

శుక్రవారం, అరబ్బు దేశంలో హమ్రియా రూమ్

దేవుడా, అక్షరాలు వంకర పోతే, తప్పులుంటే మన్నించాలి.

మా రూమ్ మల్లేశం తల్లి చనిపోయింది. ఊళ్లో శవం ఐసుపెట్టెలో అతని కోసం ఆగింది. ఇవాళ జుమ్మా సెలవు, ట్రావెల్స్ షాపు మూసి ఉందని రూమ్‌లోని సైలు ఫోన్లో చవక టికెట్టు కొన్నాడు. డబ్బులు కట్ అయిన మెసేజ్‌నే టికెట్టు అనుకున్నాం. ఎయిర్‌పోర్టులో మల్లేశం పేరే లేదన్నారు.

తిరిగొచ్చి మంచం రాడ్డు పీకాడు.

“మా అవ్వకు తలకొరివి ఎవడు వెడ్తడ్రా?”

“అన్నా, మెసేజ్ అచ్చింది గదనే!”

సైలు నెత్తి పగిలింది. అడ్డం పోయిన నాకు పన్ను ఊడింది.

ఊళ్లో శవాన్ని ఇక ఆపలేమన్నారు. సాయంత్రం అతని తమ్ముడు కొరివి పెడుతుంటే మల్లేశం వీడియోలో చూశాడు. రెండు చేతులూ జోడించాడు. నెత్తికి కట్టుతో సైలే ఫోన్ పట్టుకున్నాడు.

ఇద్దరూ పక్కపక్క మంచాల్లోనే పడుకున్నారు. రాడ్డు నా పరుపు కింద దాచాను. దేవుడా, ఈ రాత్రి నేను నిద్రపోవచ్చా? తొందరగా చెప్పు.