గోదాము లిఫ్టు

మార్చి 9

ప్రియమైన తమ్ముడికి,

మీ బావ పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. నిన్న గోదాము యజమాని వచ్చి, కూర్చోకుండానే "ఏం చేస్తామమ్మా, రాత" అనేసి వెళ్ళాడు. బ్రేకు పట్టక సరుకుల లిఫ్టు మూడో అంతస్తు నుంచి కూలి, అందులో ఉన్న మీ బావా, ఇంకో కూలీ ప్రాణాలు పోగొట్టుకుంటే అది రాతా? ఒళ్ళు మండిపోయింది. పోలీసులు కూడా 'ప్రమాదం' అని రాసుకుని చేతులు దులుపుకున్నారు. ఆ లిఫ్టుకి మెకానిక్‌వి నువ్వే కదా, దాని సంగతి నీకంటే ఎవరికి తెలుసు? ఆసుపత్రిలో కనిపించినవాడివి మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. ఒకసారి రా.

మీ అక్క

మార్చి 24

అక్కకు,

పని ఎక్కువగా ఉంది, రాలేను. కేసూ గీసూ అంటూ తిరగకు. పెద్దవాళ్ళతో పెట్టుకుంటే మనమే అరిగిపోతాం. పాప చదువు చూసుకో. బావ ఉన్నా ఇదే అనేవాడు.

తమ్ముడు

ఏప్రిల్ 2

ఒరేయ్,

మీ బావ ఏమనేవాడో నువ్వు నాకు చెప్పక్కర్లేదు.

లాయరమ్మను కలిశాను. "ప్రాణాలు పోతాయని తెలిసీ యజమాని లిఫ్టు నడిపించాడని రుజువైతే అది నేరమే, జైలు పడుతుంది. అతనికి తెలుసని చెప్పే మనిషి కావాలి" అంది. గోదాము వాచ్‌మన్ దగ్గరికి మూడుసార్లు తిరిగాను. చివరికి నోరు విప్పాడు. "ఎక్కొద్దని నాలుగు రోజులు ఎర్రబోర్డు వేలాడిందమ్మా. లిఫ్టు కూలిన సోమవారం పొద్దున చూస్తే లేదు" అన్నాడు. ఎవరు తీశారని అడిగితే "మీ తమ్ముణ్ణే అడగండమ్మా" అన్నాడు.

తీసిందెవర్రా?

అక్క

ఏప్రిల్ 11

అక్కా,

నేనే. బ్రేకు అరిగిపోయిందని బోర్డు తగిలించింది నేను, తీసిందీ నేనే. "సరుకంతా ఆగిపోయింది. బోర్డు తీస్తావా, నిన్ను తీసెయ్యమంటావా?" అన్నాడు యజమాని. తీశాను. లిఫ్టు ఎక్కబోతూ బావ "బాగుచేశావా?" అని అడిగాడు. ఊఁ అన్నాను.

యజమాని మీద సాక్ష్యమిస్తే నన్ను వదిలేసే వీలుందట. నువ్వు అడ్డు చెప్పకపోతే చాలు.

తమ్ముడు

ఏప్రిల్ 14

సాక్ష్యం చెప్పు. వదిలెయ్యమని మాత్రం అడగకు, అడిగితే అడ్డుపడేది నేనే. బాగుచేశావా అని ఆయన అడిగింది యజమానిని కాదు, నిన్ను.

అక్క

మరుసటి ఏడు, నవంబరు 6

తమ్ముడికి,

నిన్న తీర్పు చెప్తుంటే వెనక బల్ల మీద కూర్చున్నాను. నాకోసం వెతికావు. చూసి కూడా తల వంచుకున్నాను. యజమానికి ఆరేళ్ళు, నీకు రెండేళ్ళు. నీ మాటే లేకపోతే వాడు బయటపడేవాడని, నువ్వు మాఫీ అడగనేలేదని లాయరమ్మ చెప్పింది. సంతోషించమంటావా? ఇంటికొచ్చి, ఎవరూ వేసుకోని చొక్కాలు మళ్ళీ మడతపెట్టాను.

కోపం పిసరంత కూడా తగ్గలేదు. మామయ్య ఎక్కడని పాప అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. నీకు ఉత్తరం రాస్తానంది. వద్దనలేదు. నేను రాసేది మాత్రం ఇదే ఆఖరిది.

రెండేళ్ళయ్యాక రా. తలుపు తీస్తానో లేదో ఇప్పుడే చెప్పలేను.

అక్క