తవుడుకు అమ్ముడుపోయిన సిపాయి పతకాల గురించి

జగిత్యాల,
తేది: 4-11-1988.

మాజీ సైనికుల సంక్షేమ అధికారి గారి సముఖమునకు,

జగిత్యాల పట్టణంలో నివసించు మాజీ నాయక్ జగన్మోహన్ రావు గారి భార్య గిరిజ వ్రాసుకొన్న అర్జీ.

విషయం: 1971 యుద్ధమునకు గాను మా వారికి రావలసిన పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్ – సైనిక రికార్డులో తండ్రి పేరు సవరణ – సవరణకు వేలిముద్ర వేయవలసిన సదరు తండ్రి, పతకాలు చూడనిదే వేయననుట – గురించి.

అయ్యా,

ఈ అర్జీ మా వారు వ్రాయవలసింది. ఆయన యుద్ధంలో తంతి స్తంభాలెక్కిన మనిషే కాని, దరఖాస్తు వ్రాయమంటే ‘ఏమైనా పొరపాటుంటే క్షమించగలరు’ అని మొదటి వాక్యం వ్రాసి, ఇంకేమి పొరపాటు చేయాలో తోచక ఆగిపోతారు. రేషను కార్డు, కరెంటు రశీదులు, పింఛను కాగితాలు అన్నీ దారం గుచ్చి దాచేది నేనే గనుక ఈ సంగతి కూడా నేనే విన్నవించుకుంటున్నాను. వరుస తప్పకుండుటకు అంకెలు వేసినాను.

1. మా వారు 1964లో సైన్యంలో భర్తీ అయి, సిగ్నల్స్ దళంలో పనిచేసి, 1979లో ఇంటికి వచ్చినారు. 1971లో తూర్పు సరిహద్దున ఉన్నారు. అందుకు రెండు పతకాలు మంజూరై, తయారై, తమ కార్యాలయానికి చేరి ఉన్నట్లు తమరే తెలియజేసినారు. కాని సైనిక రికార్డులో మా వారి తండ్రి పేరు గంగారాం అని ఉంది. మా రేషను కార్డులో, ఓటర్ల జాబితాలో కిషన్ రావు అని ఉంది. రెండు కాగితాలు ఒకటైతే తప్ప పతకాలు ఇవ్వరాదని తమ లేఖ. పింఛనుకు ఫోటో చాలింది. పతకాలకు తండ్రి కావలసి వచ్చింది.

2. ఈ పొరపాటు ఎట్లు జరిగినదో వివరించమన్నారు. ఇందులో సైన్యం వారి తప్పు లేదు. మా అత్తగారు ఇందిరాదేవి గారికి మొదట పుట్టిన శిశువులు దక్కలేదు. ఆ తర్వాత ఈయన పుట్టగానే, మా వైపు ఆచారం ప్రకారం చాటలో పడుకోబెట్టి, వాకిట్లో పెట్టి, అమ్మివేసినారు. చావు ఆ ఇంటి బిడ్డను వెదుక్కుంటూ వచ్చి, వీడు ఈ ఇంటివాడు కాదని తెలుసుకొని వెనక్కి పోతుందని నమ్మకం. కొన్నవాడు చందుర్తి దగ్గరి మా ఊళ్లో కల్లు గీసే గంగారాం. ఇచ్చిన ధర మానెడు తవుడు. పిల్లవాడు పెరిగింది కన్నవారింట్లోనే, కాని మాట ప్రకారం గంగారాం కొడుకు. దొరగారింట్లో పుట్టినా ఊరంతా ఈయనను తవుటయ్య అనడానికి కారణం ఇదే.

3. ఇట్లా అమ్మిన బిడ్డను పెండ్లికి ముందు కన్నవారు తిరిగి కొనుక్కోవాలి. కొన్నవారికి ధోవతి, చీరె పెట్టి, తవుడు వాపసు పోయాలి. అంతవరకు కొత్తవారెవరైనా ‘ఎవరి కొడుకువు?’ అని అడిగితే కొన్నవారి పేరే చెప్పాలి. మా వారికి మాటలు వచ్చిన నాటి నుండి ఇదే నేర్పినారు. భర్తీ మైదానంలో సుబేదారు గారు ‘బాప్ కా నామ్?’ అని గద్దించేసరికి, నేర్చుకున్న జవాబు తనంతట తానే బయటికి వచ్చింది. తండ్రి ఏం పని చేస్తాడంటే ‘చెట్లెక్కుతడు’ అని కూడా చెప్పినారు. అబద్ధమాడే ఉద్దేశం లేదు. మా వారికి అంత తెలివి లేదు.

4. భర్తీ అయిన కొత్తలోనే విచారణ కాగితం మా ఊరికి వచ్చింది. దానిపై సంతకం చేయవలసినవాడు ఊరి పోలీసు పటేలు. ఆ పోలీసు పటేలు మా మామగారు కిషన్ రావు గారే. తన కొడుకు గంగారాం కొడుకని ధ్రువీకరించవలసి వచ్చేసరికి ఆయన ఇల్లెగిరిపోయేటట్లు అరిచినారట. మా అత్తగారు మాత్రం బియ్యం చెరుగుతూనే, “లడాయికి పోయేటోనికి మన పేరెందుకు? గా పేరు మీదనే ఇన్నేండ్లు బతికిండు. ఊకె లొల్లి చెయ్యక దస్కతు పెట్టున్రి” అన్నారట. మా మామగారు ‘విచారించితిని, నిజమే’ అని వ్రాసి సంతకం చేసినారు. కన్నతండ్రే తాను తండ్రిని కానని ప్రభుత్వానికి తెలియజేసిన కేసు తమ కార్యాలయంలో మరొకటి ఉన్నచో, దానిని ఎట్లు పరిష్కరించినారో తెలుపగలరు.

5. తండ్రి చెట్లెక్కేవాడని రికార్డులో పడినందున సైన్యం వారు మా వారిని స్తంభాలెక్కి టెలిఫోను తీగలు కట్టే పనిలో వేసినారు. వాస్తవానికి మా వారికి స్టూలెక్కినా కండ్లు తిరుగుతాయి. అటక మీది గంగాళం ఇప్పటికీ నేనే దించుకుంటాను. మొదటి సెలవులో వచ్చి గంగారాం ముందు కూర్చొని ఏడ్చినారట. గంగారాం చెట్టెక్కే మోకును ఆయన నడుముకు బిగించి, ఆ సెలవంతా తాటిచెట్లు ఎక్కించినాడు, దించినాడు, తిట్టినాడు. “కిందికి చూడకుర తవుటిగా! కిందేమున్నది? నేనున్న, గంతే” అనేవాడట. వెళ్లేటప్పుడు తన పాత మోకు కూడా ఇచ్చి పంపినాడు. 1971లో ఒక నది ఒడ్డున తీగ తెగితే, అవతల గుండ్లు పడుతుండగా స్తంభమెక్కి దానిని అతికించినది ఆ మోకుతోనే. ఇది ఏ రికార్డులోనూ ఉండదు గనుక నేను ఇక్కడ వ్రాసి ఉంచుతున్నాను.

6. మా పెండ్లి 1968లో కోరుట్లలో, మా పుట్టింట్లో జరిగింది. మగపెండ్లివారి బస్సు దారిలో చెడిపోయి, వారు ముహూర్తానికి పరుగున వచ్చినారు. తిరిగి కొనే తంతు తర్వాత చూసుకుందామన్నారు. మరునాడే మా వారికి సెలవు అయిపోయింది. ఆ తర్వాత ఎవరూ చూసుకోలేదు. మా మామగారు కాలం చేసినారు. కనుక ఆచారం ప్రకారం మా వారు నేటికీ గంగారాం సొత్తు. నేను ఇన్నేండ్లు ఇంకొకరి సొత్తుతో కాపురం చేస్తున్నాను.

7. రెండేండ్ల క్రితం, మేము ఊళ్లో ఉన్నప్పుడు, పొద్దుగూకే వేళ కొందరు వచ్చి దొర కొడుకెవరని అడిగినారు. వచ్చినవారెవరో నాకు తెలియదు. తెలిసినా వ్రాయుట తమకూ మాకూ మంచిది కాదు. అప్పటికే ఊళ్లో దొరల ఇండ్లకు ఒక్కొక్కటిగా తాళాలు పడుతున్నవి. మా వారు ఆ సమయంలో గంగారాం తాటివనంలో ఉంటే, వారు అక్కడికే పోయి అడిగినారట. గంగారాం చెట్టు మీది నుండే, “దొర కొడుకు గిట్ల ఎవ్వడు లేడు గీడ. వాడు నా కొడుకు” అన్నాడట. వారు నమ్మక, మా వారి జేబులోని డిశ్చార్జి పుస్తకం తీసి చదివినారు. తండ్రి పేరు గంగారాం. వృత్తి చెట్లెక్కుట.

“గిదేంది తాతా, నీ కొడుకు దొరలెక్కనే ఉన్నడు?” అని ఒకరు అడిగినారట.

“కొన్న సరుకాయె. చూసి చూసి మంచిదే ఏరుకున్న” అన్నాడట గంగారాం.

వారు నవ్వి, తలా ఒక ముంత కల్లు తాగి వెళ్లిపోయినారు. మేము ఆ వారంలోనే అత్తగారితో సహా జగిత్యాలకు వచ్చివేసినాము. గంగారాం అంతకు ముందు నన్ను దొరసాని అనేవాడు. ఆనాటి నుండి బిడ్డా అంటున్నాడు. నేను కూడా పేరు పెట్టి పిలవడం మాని మామా అంటున్నాను. దీనిపై ఎవరి నుండీ అభ్యంతరాలు రాలేదు.

8. ఇప్పుడు ఠాణాలో వేరే ప్రశ్న. వారెందుకు వదిలిపెట్టినారు? పటాలం మనిషి, తీగల పని తెలిసినవాడు, వారితో కూర్చొని కల్లు తాగినాడు, ఏమి నేర్పినాడు? మా వారు కల్లు తాగరు. ఎవరికైనా ఏదైనా నేర్పే ఓపిక కూడా లేదు. మా అబ్బాయికి సైకిలు నేర్పినది నేను. అయినా వారం వారం పోయి బెంచీ మీద కూర్చొని వస్తున్నారు. “లడాయి చేసినవంటివి గద, మెడల్ తెచ్చి చూపెట్టు, నమ్ముతం” అని ఠాణావారు అంటున్నారు. ఇంటికి వచ్చి మా వారు అన్నం కలిపి, తినకుండానే చేయి కడుక్కుంటున్నారు. యుద్ధం నుండి వచ్చినప్పుడు కూడా ఇట్లా లేరు.

9. కావున తమరు కోరిన అఫిడవిట్టును, అనగా ‘జగన్మోహన్ రావు నా కుమారుడు కాడు’ అని గంగారాం ప్రమాణం చేయునట్టి దానిని, సిరిసిల్లలో వకీలు గారి వద్ద స్టాంపు కాగితంపై టైపు చేయించి, ధోవతి, చీరె, తవుడు సంచీలో పెట్టుకొని నేనే ఊరికి పోయినాను. గంగారాం ఇప్పుడు చెట్లెక్కడం లేదు. కండ్లలో నీటికాసులు. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కంటికి దగ్గర పెట్టిన వస్తువు మాత్రం కనబడుతుంది. అది కూడా ఈ చలికాలం దాటదని, పోయిన చూపు తిరిగి రాదని కంటి డాక్టరు చెప్పినారు. మా మధ్య జరిగిన సంభాషణ ఉన్నదున్నట్లు దిగువన వ్రాస్తున్నాను.

“ఏం రాసిన్రు బిడ్డా గండ్ల?”

“ఆయన నీ కొడుకు కాదని, మామా.”

“మరెవ్వని కొడుకు?”

“కిషన్ రావు గారి కొడుకని.”

“దొర నాకు అమ్మిండు గద. మల్ల ఎప్పుడు కొన్నడు?”

“కొనలేదు. ఇప్పుడు నేను కొంట. ధోవతి తెచ్చిన, చీరె తెచ్చిన.”

“తవుడు?”

“తెచ్చిన.”

సంచీలో చేయి పెట్టి తవుడు తడిమి చూసినాడు. మంచిదేనన్నాడు. తర్వాత, “మరి మెడల్ ఏది? నా మోకు కట్టుకొని ఎక్కి తెచ్చిన మెడల్ గది. వాడు నా కొడుకై ఉండంగనే ఒక్కపారి చూస్త. చూసినంక అమ్ముత. కండ్లు పోయినంక తెస్తె బేరం లేదు, పో” అన్నాడు.

ఎంత చెప్పినా వినలేదు. పైగా నాకు భోజనం పెట్టి, బస్సు వరకు తోడు వచ్చినాడు. నేను చేయి పట్టుకొని నడిపించవలసి వచ్చింది గనుక, ఎవరు ఎవరికి తోడు వచ్చినారో చెప్పలేను.

10. పతకాలు చూడనిదే గంగారాం వేలిముద్ర వేయడు. వేలిముద్ర లేనిదే తమరు పతకాలు ఇవ్వరు. ఇద్దరి మాటా న్యాయమే. మధ్యన పోయేది ఒక కన్ను.

కావున తమరిని ప్రార్థించునదేమనగా:

(అ) సదరు పతకాలను ఒక్క పూట చూపించుటకు పంపగలరు. మాపై నమ్మకం చాలనిచో జవానును వెంట పంపవచ్చును. ఆయనకు భోజనం మా ఇంట్లోనే.

(ఆ) లేదా తమరే స్వయంగా దయచేసినచో, తిరిగి కొనే తంతుకు పెద్దమనిషిగా కూర్చోవచ్చును. అధికారులు ఇట్టి తంతులో కూర్చోరాదని ఏ ఉత్తర్వులోనైనా ఉన్నదేమో నాకు తెలియదు. ఉండదనే అనుకుంటున్నాను.

(ఇ) గంగారాం వేలిముద్ర వేసిన వెంటనే సైనిక రికార్డులో తండ్రి పేరు కిషన్ రావు అని సవరించి, పతకాలు శాశ్వతంగా ఇప్పించగలరు.

ఫైలు ఆగినా చూపు ఆగదు గనుక, వెలుగు ఉండగానే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
గిరిజ

తా.క.: ఈ కవరు అతికించక ముందే, ఈ రోజు 6వ తేది ఆదివారం, గంగారాం ఒక్కడే బస్సెక్కి, కనబడినవారినల్లా దారి అడుగుతూ మా ఇంటికి వచ్చినాడు. ఠాణా బెంచీ సంగతి నేను ఆయనకు చెప్పలేదు. ఊళ్లో ఎవరో చెప్పినారట. చెప్పులు విడవకుండానే, “నా కొడుకును బెంచీ మీద కూసోవెడుతున్నరని నాకెందుకు చెప్పలే బిడ్డా? తే ఆ కాయిదం” అన్నాడు. సిరా రాసుకొని వేలిముద్ర వేసినాడు. పతకాల మాట ఎత్తలేదు. నేను ధోవతి అందించబోతే, “గదెందుకు? అమ్ముతలేను. ఊకెనే ఇస్తున్న” అన్నాడు.

మా వారు గోడ వైపు తిరిగి నిలబడినారు. మా అత్తగారు లోపలి నుండి వచ్చి, కాగితం నా చేతిలోంచి తీసుకొని, నాలుగు మడతలు పెట్టి, పొయ్యిలో వేసినారు.

“ఊకెనే ఇచ్చెటందుకు వాడేమన్న కోడిపిల్లనా? పుట్టినప్పుడు నీ పేరే కాపాడింది. లడాయిల నీ పేరే. మొన్న తాటివనంల నీ పేరే. నా కొడుకును నేను కొననుర గంగారాం. నీ తాననే ఉండనియ్యి” అన్నారు.

“మరి తవుడో దొరసాని?” అన్నాడు గంగారాం.

“బర్రెకు పెడత” అన్నారు మా అత్తగారు.

స్టాంపు కాగితం కాలిపోయినందుకు నాకు ఫిర్యాదు లేదు. ప్రార్థన (ఇ)ని మాత్రం రద్దు చేయగలరు. సైనిక రికార్డును ఉన్నదున్నట్లు ఉంచగలరు. రెండు కాగితాలు ఒకటి కావలెనని మాత్రమే తమ లేఖలో ఉంది. ఏది ఏ వైపుకు రావలెనో వ్రాయలేదు. రేషను కార్డులో, ఓటర్ల జాబితాలో తండ్రి పేరు గంగారాం అని మార్చుటకు రేపే మండలాఫీసులో దరఖాస్తు ఇస్తున్నాను. ‘నా కొడుకే’ అని ప్రమాణం చేయుటకు తండ్రి సిద్ధంగా ఉన్నాడు. ఆ కాగితానికైతే ముందుగా పతకాలు చూపనక్కర లేదన్నాడు.

ఆ కార్డు తమకు చేరిన రోజే పతకాలను తండ్రి గంగారాం పేరున మా ఊరికి రిజిస్టరు పోస్టులో పంపగలరు. ఆయన చూసిన తర్వాతనే ఠాణాకు తీసుకుపోయి చూపిస్తాము. ముట్టినట్లు రశీదు మీద వేలిముద్ర వేస్తాడు. బొటనవేలికి సిరా ఇంకా ఉంది. కడుక్కో మామా అని నీళ్లిస్తే, ఉండనీ బిడ్డా, మల్ల పని పడతది అన్నాడు.