రెండంగుళాల తెల్ల వైరు

జూన్ 17, మంగళవారం

కొడవలూరు కారు ఈ రోజు గొంతు విప్పింది. పెంచలకృష్ణ వాళ్ళ నాయన రంగనాయకులు గారి బండి, ఇరవై రెండేళ్ళది. పాత ఇంజన్ దించి పెద్దది ఎక్కించినా. ఈ ఇంజన్‌కి యాక్సిలరేటర్ కేబుల్ లేదు. పెడల్ తొక్కితే సిగ్నల్ ఈసీయూకి, అంటే ఇంజన్ కంప్యూటర్‌కి పోతుంది, అది చూసుకుని గాలి వదిలే థ్రాటిల్ తెరుస్తుంది. కాలికీ ఇంజన్‌కీ మధ్య ఉత్త వైర్లే.

మనుబోలు హైవే మీద ఈ పని తెలిసినోడు రూఫస్ ఒక్కడే అని పెంచలకృష్ణ అందరికీ చెప్తున్నాడంట. విని పొంగిపోయినా. గర్వమే నిన్ను ముంచుతుంది అని అబిగయీలు పెళ్ళైనకాణ్ణించీ అంటానే ఉంది.

జూన్ 19

ఫాల్ట్ కోడ్. క్లియర్ చేస్తే పది నిమిషాలకు మళ్ళీ. తిక్క లేస్తోంది.

పెడల్ లోపల సెన్సార్లు రెండుంటాయి. కాలు ఎంత కిందికి పోయిందో రెండూ విడివిడిగా చెప్పాలి. ఇద్దరి మాటా కలిస్తేనే ఈసీయూ నమ్ముతుంది. కలవకపోతే ఇంజన్‌ని ఐడిల్‌లో పెట్టేస్తుంది. ఒక్క సాక్షి మాట మీద తీర్పు చెప్పకూడదని మా పాస్టరు గారు అన్నట్టు.

ఈ రెండూ కలవడంలేదు. మద్రాసు స్క్రాప్‌లో తెచ్చిన పెడల్ ఇది. వరదలో మునిగిన కారుది అయ్యుంటుంది, కనెక్టర్ పిన్నులు పచ్చగా చిలుమెక్కి ఉన్నాయి. గీకినా, కడిగినా. కొత్తది ఆర్డర్ పెట్టినా. వారం పడుతుందన్నారు.

జూన్ 20, సాయంత్రం

పెంచలకృష్ణ వచ్చి కూర్చున్నాడు. రేపు శనివారం పెంచలకోనలో బండి పూజంట. గురువారం నుంచి ఆషాఢం, ఈ శనివారం దాటితే నెల ఆగాల్సిందేనంట. వాళ్ళమ్మ ఆదిశేషమ్మ గారు నిమ్మకాయలు కూడా తెప్పించి పెట్టుకునిందంట. రూఫసన్నా, నీ చేతిలో కానిదేముందన్నా అన్నాడు.

ఆ మాటకే పడిపోయినా.

ఒక సెన్సార్ వైరు కత్తిరించినా. రెండోదాన్నుంచి రెండంగుళాల తెల్ల వైరుతో ఈసీయూ రెండు ఇన్‌పుట్‌లకూ కలిపినా. మళ్ళీ క్యాలిబ్రేట్ చేసినా. కోడ్ పోయింది. ఒకే సాక్షి రెండు గొంతులతో మాట్లాడితే ఇంక తగువేముంటుంది.

రెండిట్లో అబద్ధం చెప్పేది ఏదో నాకు తెలియదు. ఒకదాన్ని ఎంచుకున్నా, అంతే. పెంచలకృష్ణకి చెప్పలేదు. కొత్త పెడల్ రాగానే మారుస్తాలే అనుకున్నా.

జూన్ 21

ఫోటో పంపినాడు. బానెట్ మీద పసుపు, కుంకుమ, చామంతి దండ. రంగనాయకులు గారు ముందు సీట్లో నవ్వతా ఉన్నారు.

జూన్ 26

కొత్త పెడల్ వచ్చింది. ఫోన్ చేసినా, బండి తీసుకురా, గంట పని అని. పూజ చేసిన బండిని ఆషాఢంలో విప్పొద్దని అమ్మ అంటోంది, శ్రావణంలో తెస్తాలే అన్నాడు. బాగానే పోతోంది గదన్నా, ఏందంత తొందర అని అడిగినాడు.

ఏందో చెప్పాలంటే నేను చేసింది చెప్పాలి. సరేలే అన్నా.

జూన్ 29, ఆదివారం

కొడవలూరు కారు కాలవ కల్వర్టుకు గుద్దింది. రంగనాయకులు గారు పోయినారు.

జూన్ 30

నడిపింది వాళ్ళ కోడలు, పెంచలకృష్ణ పెళ్ళాం వాణి. మామను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోతా ఉందంట. ఆ పిల్లకి లైసెన్స్ వచ్చి మూడు నెలలు. జాగ్రత్తగా నడుపుతుందని రంగనాయకులు గారే ఆమెను అడిగి తీసుకుపోయేవారు.

చావింటికి పోయినా. శవం దగ్గర అందరూ ఒకటే మాట. ఆడపిల్ల, కంగారులో బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కింది. ఆదిశేషమ్మ గారు నా మొగుణ్ణి మింగినావు గదే అని గుండెలు బాదుకుంటా ఉంది. పెంచలకృష్ణ పెళ్ళాం మొహం చూడలేదు. వాణి చెయ్యి విరిగి, కట్టుతో గోడకు ఆనుకుని కూర్చోనుంది. నేను బ్రేకే తొక్కినా, రాయి మాదిరి గట్టిగా ఉండింది, దిగలేదు అని చెప్తానే ఉంది. వినేవాళ్ళు లేరు.

నేను విన్నా. థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంటే బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ ఇంజన్‌లో ఉండదు. బ్రేకు ఒకటి రెండు తొక్కులకే రాయైపోతుంది. యాక్సిలరేటర్ తొక్కినోళ్ళకు ఆ రాయి తెలియదు. వాణి కాలు బ్రేకు మీదే ఉంది.

ఆమె పక్కనించే నడిచి బయటికి వచ్చేసినా.

జూలై 2

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూసినాడంట. బ్రేకులు బాగున్నాయి, స్టీరింగ్ బాగుంది, డ్రైవర్ తప్పు అని రాసినాడంట. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. అడగకముందే భుజాలు తడుముకుంటా ఉన్నా.

జూలై 4

బండిని నా షెడ్డుకే తెచ్చి పడేసినారు. అమ్మేయన్నా, కంటికి కనపడకూడదు అన్నాడు పెంచలకృష్ణ.

వేరే బ్యాటరీ పెట్టి లాప్‌టాప్ తగిలించినా. కీ తిప్పినా. సీట్లో ఎవరూ లేరు. పెడల్ నూరు శాతం తొక్కినట్టు చూపించింది స్క్రీన్.

తప్పుడు సాక్షినే ఎంచుకున్నా నేను.

కట్టింగ్ ప్లేయర్ తీసుకుని తెల్ల వైరు కత్తిరించి జేబులో వేసుకున్నా. ఇంత పిరికోణ్ణని నాకే తెలియదు.

జూలై 6, ఆదివారం

ఆరాధనలో సాక్ష్యాలు చెప్పేవాళ్ళు లేవండి అన్నారు పాస్టరు గారు. అబిగయీలు మోచేత్తో పొడిచింది. లేచినా. వారమంతా క్షేమంగా కాపాడిన దేవునికి స్తోత్రం అని చెప్పి కూర్చున్నా. అందరూ ఆమెన్ అన్నారు. వైరు జేబులోనే ఉంది.

జూలై 9

పెద్దకర్మ. పోలేదు.

జూలై 11

వాణి వచ్చింది. ఇప్పుడు సంగం ఊళ్ళో, పుట్టింట్లో ఉంటోందంట. అక్కణ్ణించి వాళ్ళమ్మతో బస్సులో వచ్చింది. స్టూల్ వేస్తే కూర్చోలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, డోర్ తీసి పెడల్స్ వంక చాలాసేపు చూసింది.

గొడవకు వచ్చిందేమో అనుకున్నా. కాదు. అన్నా, నేను యాక్సిలరేటరే తొక్కినానేమో అనింది. అందరూ చెప్తుంటే నాకూ అట్లనే గుర్తొస్తోంది, బ్రేకు తొక్కినట్టు నాకు నేనే కల్పించుకున్నానేమో, మామను నేనే చంపుకున్నానేమో అనింది. రేపు కొడవలూరు పోయి అత్త కాళ్ళు పట్టుకుని ఒప్పుకుంటుందంట. అట్లయినా ఇంట్లోకి రానిస్తారేమోనని వాళ్ళమ్మ ఆశ.

రేపు పోవద్దమ్మా, ఒక్కరోజు ఆగు అన్నా. ఎందుకని అడిగింది. రేపు తెలుస్తుందిలే అన్నా.

వాళ్ళు పోయినాక జేబులోంచి వైరు తీసినా. ఎక్కడిది అక్కడే పెట్టి సోల్డర్ చేసినా.

జూలై 12, ఉదయం 10

పెంచలకృష్ణను పిలిపించి పక్క సీట్లో కూర్చోబెట్టినా. లాప్‌టాప్ అతని ఒళ్ళో పెట్టినా. నా రెండు కాళ్ళూ ఎత్తి సీటు మీద ముడుచుకుని, కీ తిప్పినా.

నూరు శాతం.

అతను స్క్రీన్ చూసినాడు. నా కాళ్ళు చూసినాడు. మళ్ళీ స్క్రీన్ చూసినాడు. ఏందన్నా ఇది అన్నాడు.

వాణికి ఫోన్ చెయ్యి, ఆ పిల్ల కూడా వినాలి అన్నా.