లాగి చూడాల్సిన కడ్డీ

రయోంగ్

చిరంజీవి పిమ్‌కు నాన్న దీవెనలు. ఇక్కడ నేను కులాసా. ఖోన్‌కేన్‌లో నువ్వు వేళకు తింటున్నావని అనుకుంటాను.

అమ్మ చివరి రోజు గురించి అడిగావు. పొద్దున రెండు చెంచాల గంజి తాగింది. కిటికీ తెరవమంది. మా ల్యాబ్ నుంచి కమోన్ వచ్చి కొత్త కడ్డీని ఆమె చేతిలో పెట్టాడు. సిమెంటు బట్టీ పొగలోని బొగ్గుపులుసు వాయువును కరిగిన ఉప్పులోకి పంపి, కరెంటు పెట్టి, నల్లటి కార్బన్ పోగులు రాబట్టడమే కదా అమ్మ పని. ఆ పోగులు అల్యూమినియంలో కలిపి చేసిన కడ్డీ అది. ఆమె తీసిన పోగులన్నీ అందులోనే అయిపోయాయి.

"ఇంత తేలికా!" అంది.

"నువ్వు లేచి వచ్చాకే, ఎంత గట్టిదో యంత్రంతో లాగి చూద్దాం అక్కా," అన్నాడు కమోన్.

"నేను లేస్తానని నీకెవరు చెప్పార్రా, వెర్రోడా? మీ అన్నను లాగమను. నేను చేసినవన్నీ లాగి విరిచి జీతం తీసుకునే మనిషి, దీన్ని మాత్రం దాచుకునేలా ఉన్నాడు," అంది నన్ను చూపిస్తూ.

మధ్యాహ్నం వాన పడింది. నేను తువ్వాలు తడిపి తెచ్చేసరికి ఊపిరి ఆగిపోయింది.

తింటున్నానా అన్నావు. తింటున్నాను. నీ గది కిటికీ బాగు చేయించాను.

ల్యాబ్‌లో కడ్డీని అమ్మ ఫోటో ముందు పెట్టి మల్లెదండ వేశారు. రోజూ ఎవరో ఒకరు అన్నం, ఎర్ర సోడా నైవేద్యంగా పెడుతున్నారు. "అక్క అందులోనే ఉందన్నా, నేను ముట్టను," అంటాడు కమోన్.

"ఉంటే ఈపాటికి మనల్ని తిట్టేదిరా," అన్నాను. ఎవరూ నవ్వలేదు.

అమ్మ చేసింది ఒక్కటైనా విరగకుండా ఉండాలి, కడ్డీ నాకు పంపు అని రాశావు. పంపలేను తల్లీ. ఎంత లాగితే తెగుతుందో తేలకుండా సిమెంటు వాళ్ళు బట్టీ దగ్గర మన ఉప్పు తొట్టి పెట్టుకోవడానికి చోటివ్వరు. అమ్మ పని అక్కడితో ఆగిపోతుంది.

ఇంతవరకూ రాయలేకపోయిన మాట ఒకటుంది. నిన్న దండ తీసి, కడ్డీని యంత్రానికి బిగించాను. మీట మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. తర్వాత విప్పేశాను. యంత్రం చెడిందని కమోన్‌తో చెప్పాను. యంత్రం బాగానే ఉంది.

నీకు కోపం వస్తే రా. వచ్చినా రాకపోయినా వచ్చే సోమవారం పొద్దున కమోన్ ఎదుటే కడ్డీని మళ్ళీ బిగిస్తాను. తెగేదాకా లాగుతాను.

ఇట్లు,
నీ నాన్న
విచియన్