దుర్గమ్మకు సజ్జ బిల్లలు

శ్రీశైలం,

ఇగ నుంచి మన చెల్లె దుర్గమ్మకు ఒట్టి సజ్జపిండితోనే బిల్లలు చెయ్యి. మరిగిన బెల్లం నీళ్లతో పిసికితే విరగవు. పెంక మీద పెట్టి, మూకుడు బోర్లించి, పైన నిప్పులు పెట్టు.

దొర గడీల నుంచి తెచ్చి సంఘం పంచిన గోధుమపిండి నిన్న బిల్లలల్ల కలిపినవు. ఆమెకు గోధుమ పడదని జనగామ దవాఖానల డాక్టరు నీ ముందరే చెప్పిండు. చెల్లె పొద్దంతా కడుపు పట్టుకొని పండుకుంది. అడిగితే "దొరలు తినేదే అన్నా, జర మంచి తిండి పెడదామనుకున్న" అంటివి. దొరను తరిమినమని జెండా పట్టుకొని తిరుగుతవు, దొర తినేదే మంచి తిండంటవు. మన సజ్జలకు ఏం తక్కువ?

మిగిలిన గోధుమపిండి కుడితిల కలిపి బర్రెకు పెట్టిన. బడికి పోతున్న.

అన్న

ఉట్టి మీద పొద్దుగాల నేను చేసిన నాలుగు బిల్లలున్నయి. మాడిన రెండు నీకు. నిన్నటి నుంచి నువ్వు అన్నం ముట్టలేదని దుర్గమ్మే చెప్పింది.